పొట్టకూ పళ్ళకూ పడలేదు

పెళ్ళిళ్ళలో నన్ను చూసినవాళ్ళు రెండు విధాలుగా పలకరిస్తారు. మనసు మంచివాళ్ళు, "ఏమమ్మా, అలా చిక్కిపోయావు, ఒంట్లో బాగుంటోందా?" అని అడుగుతారు. తక్కినవాళ్ళు, "ఏం తిని తగ్గావో మాకూ చెప్పకూడదుటే?" అంటారు. రెండేళ్ళపాటు నేను అందరికీ ఒకటే జవాబు చెబుతూ వచ్చాను. "నడకండీ! తెల్లవారుజామునే లేచి కాలవగట్టున నడక" అని. బెజవాడలో కాలవలకేం కొదవ? ఏ కాలవ అని ఎవరూ అడగలేదు. అడిగివుంటే తడబడేదాన్ని. నేను గట్టుమీద నడిచిన రోజులు ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి.

అసలు సంగతేమిటంటే, 2022 జనవరిలో నేను పొట్ట కోయించుకున్నాను.

అప్పటికి నా బరువు 118 కిలోలు. ఎత్తు చూస్తే 5 అడుగుల 2 అంగుళాలు. షుగరు వచ్చి పదేళ్ళయింది. మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. రాత్రిళ్ళు గురకపెట్టి, మధ్యలో ఊపిరాగినట్టయి, ఉలిక్కిపడి లేచేదాన్ని. మా వారు తమ మంచాన్ని మొదట పక్కగదిలోకీ, తరువాత వసారాలోకీ మార్చుకున్నారు. నేను చేయని పథ్యం లేదు, ఉండని ఉపవాసం లేదు. చేసినన్నాళ్ళూ నాలుగు కిలోలు తగ్గడం, మానగానే ఆరు కిలోలు పెరగడం. చివరకు ఒక సర్జను, "ఇది ఒక్క నోటి చాపల్యం కాదమ్మా. తగ్గిన బరువును మళ్ళీ సంపాదించుకోవాలనే ఒంటి ప్రయత్నం. ఇంత బరువూ, పైన షుగరూ ఉన్నవాళ్ళకు ఆపరేషను మంచి దారి" అన్నారు. నా లావు గురించి మాట్లాడుతూ నన్ను తిట్టని మొదటి మనిషి ఆయనే. అందుకే ఒప్పేసుకున్నానేమో.

ఆ ఆపరేషను ఏమిటో నాలుగు ముక్కల్లో చెబుతాను. మామూలు పొట్టలో లీటరు, లీటరున్నర పడుతుంది. దాని పైకొసన చిన్న సంచి ఒకటి వేరుచేసి కుట్టేస్తారు. అందులో పట్టేది 30 మిల్లీలీటర్లు, అంటే రెండు పెద్ద చెంచాలు. చిన్నపేగును ఒకచోట తెగ్గోసి, కింది కొసను పైకి తెచ్చి ఆ సంచికి అతుకుతారు. పాత పొట్ట లోపలే ఉంటుంది గాని, అన్నం అటు పోదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో 1966లో ఎడ్వర్డ్ మేసన్ అనే ఆయన ఈ దారి మొదలుపెట్టాడు. ఆ తరువాత ఎన్నో మార్పులు జరిగి, ఇప్పుడు నాలుగైదు చిన్న గాట్లతో పని కానిచ్చేస్తున్నారు. మూడో రోజున ఇంటికొచ్చాను.

ఇంటికొచ్చేముందే నేనూ మావారూ కలిసి ఒక అబద్ధం తయారుచేసుకున్నాం. గాల్‌బ్లాడరులో రాళ్ళు ఉంటే తీశారు అని. తిండి కట్టుకోలేక కడుపు కోయించుకుంది అని నలుగురూ నవ్వుతారని నా భయం. తీరా తరువాత తెలిసిందేమిటంటే, గబగబా బరువు తగ్గినవాళ్ళకు నిజంగానే గాల్‌బ్లాడరులో రాళ్ళు పుడుతూంటాయట. నా అబద్ధం నిజం కాలేదు, అది నా అదృష్టం.

ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేటప్పుడు నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. ఏ వారం ఏం తాగాలి, ఏ వారం మెత్తనివి తినాలి, ఏ మాత్రలు జన్మంతా వేసుకోవాలి, ఏవి జన్మలో వేసుకోకూడదు, అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని రెండు వారాలు వల్లించాను. తరువాత మా చిన్నాడబిడ్డ వస్తోందని తెలిసి, ఆమె కంటబడకుండా బీరువాలో పట్టుచీరెల కింద పెట్టాను. పట్టుచీరెలు ఏడాదికి రెండుసార్లు తీస్తాను. ఆ కాగితాన్ని అక్కడ పెట్టడమే నా కొంప ముంచింది. ఆ మాట తరువాత చెబుతాను.

మొదటి మూడు నెలలూ పెసరకట్టు తేటా, మజ్జిగా, ఆపైన మెత్తటి పెరుగన్నం. కిలోలు ఎండాకాలంలో చెరువునీళ్ళలా తగ్గిపోతున్నాయి. షుగరు మాత్రలు ఒకటొకటిగా మానిపించారు. మా వారి మంచం వసారాలోంచి మళ్ళీ గదిలోకొచ్చింది. చెప్పొద్దూ, ఆ మూడు నెలలూ నేను నేలమీద నడవలేదు.

నాలుగో నెలనుంచి మామూలు అన్నం మొదలుపెట్టమన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. మనం ఎంత పెద్ద ముద్ద మింగినా, వెనకటి పొట్ట దాన్ని పిసికి, చిలికి, జావచేసి కిందికి పంపేది. ఈ కొత్త సంచికి ఆ శక్తి లేదు. ఆ పని పళ్ళు చేయాలి. ఒక్కొక్క ముద్దా పాతికసార్లు నమిలి, గంధంలా చేసి మింగాలి. నలుగురు పిల్లలున్న ఇంట్లో పెరిగిన నాకు పాతికసార్లు నమిలే అలవాటెక్కడిది? మా చిన్నప్పుడు నమిలేవాళ్ళకు రెండో గారె దక్కేది కాదు. నాలుగుసార్లు నమిలి మింగేదాన్ని. ముద్ద రొమ్ములో నిలబడిపోయేది. నోట్లో నీళ్ళూరేవి, చెమటలు పట్టేవి, పరుగెత్తి వెళ్ళి కక్కేదాన్ని. వారానికి మూడుసార్లయినా ఇదే తంతు.

కక్కిన వెంటనే నేనేం చేసేదాన్నో తెలుసా? బ్రష్షు తీసుకుని పళ్ళు పరపరా తోమేదాన్ని. శుభ్రం కదా మరి! కడుపులోంచి పైకొచ్చే పులుపు సామాన్యమైంది కాదు. పంటిమీది పింగాణీ పొర మన ఒంట్లో ఎముకకన్న గట్టిదైనా, ఆ పులుపు తగిలితే పైపైన మెత్తబడిపోతుంది. నోరు కడుక్కుని అరగంట, గంట ఊరుకుంటే ఉమ్మినీరే దాన్ని కొంత సర్దుకొస్తుంది. మెత్తబడ్డప్పుడు తోమామా, గోడమీద పచ్చి సున్నాన్ని చీపురుతో ఊడ్చినట్టే. ఊడిపోయిన ఆ పొర మళ్ళీ పుట్టదు. గ్లాసు నీళ్ళలో అరచెంచా తినే సోడా కలిపి పుక్కిలిస్తే సరిపోయేదట. నాకు అప్పుడు తెలియదు.

ఇంకొక ఘనకార్యం కూడా ఉంది. రోజంతా గుక్కగుక్కగా నీళ్ళు తాగాలి అన్నారు, అన్నంతో కలిపి తాగకూడదన్నారు. వట్టి నీళ్ళు ఎంతకని తాగను? సీసాలో నిమ్మకాయ పిండుకుని, పొద్దున్నుంచి రాత్రిదాకా చప్పరిస్తూ కూర్చున్నాను. పైగా చప్పరించే విటమిన్ సి బిళ్ళలు. షుగరువల్ల నా చిగుళ్ళు ముందే వాచి ఉన్నాయి. డి విటమిను పరీక్ష చేయిస్తే అడుగంటి ఉంది. కాల్షియం మాత్రలు వికారంగా ఉన్నాయని రోజు విడిచి రోజు వేసుకున్నాను. ఇన్ని కలిశాక ఆ పళ్ళు నిలబడమంటే ఎలా నిలబడతాయి, పాపం!

2022 ఆగస్టులో ఒక మధ్యాహ్నం పెరుగన్నం తింటూంటే పంటికింద రాయి తగిలింది. మా వంటమనిషిని పిలిచి బియ్యం ఏరలేదని చీవాట్లు పెట్టాను. ఆమె చిన్నబుచ్చుకుని చేట తెచ్చి చూపించింది. ఇంతలో నాలుక కుడివైపు దవడకు తగిలి గరుకుగా గీరుకుంది. చేతిలోకి ఉమ్మి చూసుకుంటే, అది రాయి కాదు, నా దవడపన్నులో సగం. పెరుగన్నానికి విరిగిన పన్ను! వంటమనిషికి క్షమాపణ చెప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది నాకు.

మా చిన్నాడబిడ్డ తోడికోడలి కొడుకు పంటి డాక్టరు. కుర్రవాడు బుద్ధిమంతుడు, హస్తవాసి మంచిది. వెళ్ళాను. ముందు ఒక కాగితం నింపమన్నారు. అందులో "ఇంతకుముందు జరిగిన ఆపరేషన్లు" అని ఒక గడి ఉంది. కలం పట్టుకుని ఆ గడికేసి చాలాసేపు చూశాను. ఇందులో రాసింది ఇవాళ సాయంత్రానికి వాళ్ళమ్మకు, రేప్పొద్దున్నకు మా ఆడబిడ్డకు, ఎల్లుండికి గుంటూరు జిల్లా మొత్తానికీ తెలుస్తుందనుకున్నాను. "గాల్‌బ్లాడరు, 2022" అని రాశాను.

అతను ఎక్సరే తీసి, కిందివరసలో రెండింటికి వేళ్ళదాకా చీము పట్టిందన్నాడు. చీము తగ్గడానికో మందూ, నొప్పికి ఐదు రోజుల మాత్రలూ రాసి, "ఆరో రోజున రండి అత్తయ్యా, రూట్ కెనాల్ మొదలుపెడదాం" అన్నాడు. ఐదో రోజుకు నొప్పి మాయమైంది. నొప్పి లేనివాళ్ళు పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టు చరిత్రలో లేదు. నేనూ వెళ్ళలేదు.

నవంబరులో నొప్పి మళ్ళీ వచ్చింది, ఈసారి చెవిదాకా. వెళితే మళ్ళీ ఎక్సరేలు, ప్రశ్నలు! పాత అట్టముక్క పట్టుకుని మందులకొట్టుకు వెళ్ళాను, అడిగినన్ని ఇచ్చాడు. పొద్దునొకటి, రాత్రొకటి చొప్పున మూడు వారాలు వేసుకున్నాను. నమలలేక తిండి తగ్గింది కనక చాలాసార్లు ఖాళీ కడుపుమీదే. అవి ఐబుప్రొఫెన్ జాతి మాత్రలు. మామూలువాళ్ళే జాగ్రత్తగా వాడవలసినవి. నాబోటి ఆపరేషనైనవాళ్ళకు అసలే పనికిరావు. సంచికీ పేగుకూ అతుకు వేసినచోట పేగు పుల్లటి రసాన్ని తట్టుకోలేదు. ఉన్న కాస్త రక్షణనూ ఈ మాత్రలు తీసేస్తాయి, అక్కడ పుండు పడుతుంది. ఈ సంగతి పట్టుచీరెల కింద ఉన్న కాగితం మూడో పేజీలో, కింద గీత గీసి మరీ రాసి ఉంది.

డిసెంబరులో విరేచనం తారులా నల్లగా అయింది. ఇనుము మాత్రల మహిమ అనుకున్నాను. మూడో రోజు పొద్దున్న కాఫీ కలుపుతూ వంటింట్లో పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి ఆస్పత్రిలో ఉన్నాను. నెత్తురు ఆరున్నర గ్రాములకు దిగింది. గొట్టంవేసి చూస్తే అతుకు దగ్గర పుండు, అందులోంచి నెత్తురు ఊరుతోంది. లోపలినుంచే దాన్ని ఆపి, రెండు సీసాల రక్తం ఎక్కించారు. సర్జను నా మంచం పక్కన నిలబడి, "ఏ మాత్రలు వేసుకున్నారమ్మా?" అని అడిగారు. నేను చెప్పాను. ఆయన ఇంకేమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది.

అన్నది మా వారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన గొంతు అంత మెల్లగా వినలేదు నేను. "నడక అన్నావు, రాళ్ళన్నావు, ఊళ్ళోవాళ్ళకు చెప్పావు, సరే, నేనూ వంతపాడాను. మందు రాసే పిల్లాడికి కూడానా?" అన్నారు.

ఆ సాయంత్రం ఆ పిల్లాడే వచ్చాడు. అతని మొహం నా మొహంకన్న తెల్లగా ఉంది. "నాకు ముందే తెలిస్తే వట్టి పారాసిటమాల్ రాసేవాణ్ణి అత్తయ్యా, మీ సర్జనుగారితో ఒక మాట మాట్లాడేవాణ్ణి. రాత్రంతా నేనేం తప్పు చేశానా అని ఆలోచించాను" అన్నాడు. ఆ కుర్రవాడి చేత ఒక రాత్రి నిద్ర లేకుండా చేసినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతూంటాను.

మరునాడు తెనాలి దగ్గర పల్లెనుంచి మా అత్తగారు దిగారు. మరిదిగారింట్లో ఉంటారావిడ. ఎనభై రెండేళ్ళు, నోట్లో ఒక్క పన్ను లేదు. ఇక దాచడానికి నాకు ఓపిక లేక, మొత్తం చెప్పేశాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, చాలాసేపు కిటికీవైపు చూస్తూ కూర్చున్నారు.

"రాళ్ళన్నావు కదుటే అమ్మాయ్! నా కోడలి కడుపులో రాళ్ళు పోవాలని మంగళగిరి పానకాలస్వామికి మొక్కుకున్నాను. ఈ మోకాళ్ళతో మెట్లన్నీ ఎక్కి బిందెడు పానకం పోయించి వచ్చాను. ఆ స్వామి సగం తాగి సగం వదిలేస్తాడు. నువ్వూ నాకు సగమే చెప్పావన్నమాట."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నా తల నిమరలేదు. "సరే, ఇప్పుడేం తినమన్నారు?" అన్నారు.

తినడమే పెద్ద సమస్య. పుండు మానాలి, పళ్ళు తీయాలి, తీసిన చోట మానాలి. మానడానికి మాంసకృత్తులు కావాలి, రోజుకు 60 గ్రాములైనా. అవి తినడానికి నమలాలి. నమలడానికి పళ్ళు లేవు. నమలకుండా మింగితే పొట్ట తిప్పికొడుతుంది. తిప్పికొడితే ఉన్న పళ్ళూ పోతాయి. శెనగలున్నవాడికి పళ్ళుండవు అంటారు గాని, నాకు శెనగలూ పళ్ళూ పొట్టా, మూడూ ఒకదానిమీద ఒకటి చాడీలు చెప్పుకుంటున్నాయి.

ఈసారి పంటి డాక్టరూ సర్జనూ టెలిఫోనులో మాట్లాడుకుని ఒక పద్ధతి వేశారు. రెండు నెలలు పుండు మానడానికి మందులు. గొట్టంమాత్ర విప్పి పొడి వేసుకోవాలి. 2023 ఫిబ్రవరినుంచి పళ్ళ పని. ఒకేసారి అన్నీ పీకకుండా, నమలడానికి ఒక పక్క ఉంచి రెండో పక్క తీయడం. అది మానాక ఇటు. అలా జూలైదాకా సాగింది. మొత్తం పదకొండు పళ్ళు పోయాయి, నాలుగు రూట్ కెనాల్‌తో నిలబడ్డాయి. తక్కినవాటికి ఫ్లోరైడు పూత వేశారు. నల్లగొండవైపు నీళ్ళలో ఎక్కువై ఎందరి పళ్ళనో గారకట్టించిన ఆ ఫ్లోరైడే, కొలతగా పైన పూస్తే పంటిని కాపాడుతుందట! ఆపరేషను ఖర్చులో చాలాభాగం ఇన్సూరెన్సువాళ్ళు ఇచ్చారు గాని, పళ్ళు ప్రమాదంలో విరిగితే తప్ప మా పాలసీలో లేదన్నారు. రెండు గాజులు అమ్మాం. చేతికి ఎలాగూ వదులైపోయాయి.

ఆ ఆరు నెలలూ నన్ను బతికించింది మా అత్తగారి రోలు. ఆకూ వక్కా దంచుకునే చిన్న ఇత్తడి రోలు, గుప్పెడంత. పళ్ళు లేనిదాన్ని ఎలా తినాలో పళ్ళు లేని ఆవిడకు కాక ఎవరికి తెలుస్తుంది? నేను మిక్సీలో వేసుకుంటూంటే కొట్టిపారేశారు. "అందులో వేస్తే గోరుచిక్కుడూ బెండకాయా ఒకటే బురద అవుతుంది. నాలుగు రోజులకు తిండిమీద విరక్తి పుడుతుంది. దంచుకో. దంచితే కూర కూరలాగే ఉంటుంది" అన్నారు. నిజమే. ఉడికిన పెసలు కాస్త ఉప్పూ జీలకర్రా వేసి దంచి, పైన నెయ్యిచుక్క వేస్తే, నోట్లో పెసలని తెలిసేది. పనీరు, ఆనపకాయ, ఆఖరికి ఇడ్లీ కూడా ఆ రోట్లో పడ్డాయి. నా పళ్ళు చేయవలసిన పాతికసార్లూ ఆవిడ రోకలిబండ చేసేది. రెండు చెంచాలు తినడానికి పావుగంట కూర్చునేదాన్ని. ఎదురుగా ఆవిడ కూడా బోసినోటితో అంతసేపూ కూర్చునేవారు. రోలు మార్చి మార్చి వాడుకునేవాళ్ళం. నా తిండిలో తమలపాకు వాసన, ఆవిడ తాంబూలంలో జీలకర్ర వాసన. ఆ ఆరు నెలల్లో నేను కక్కుకున్నది రెండేసార్లు.

2024 మొదట్లో, చిగుళ్ళు పూర్తిగా గట్టిపడి, బరువు 74 కిలోల దగ్గర నిలిచాక, నాకు తీసిపెట్టుకునే పళ్ళు కట్టారు. అంతకుముందే కడితే దవడ ఇంకా అరుగుతూ వదులైపోతాయట. మొదటిరోజు అప్పడం తిన్నాను. ఒక్కటే, పాతికసార్లు నమిలి. ఆ చప్పుడు విని మా అత్తగారు వసారాలోంచి లేచి వచ్చారు. నా ఎదుట నిలబడి నా నోటికేసి తేరిపార చూశారు.

"ఆ పళ్ళు నాకూ కడతాడుటే ఆ కుర్రాడు?"

ఇరవై ఏళ్ళుగా ఎవరు చెప్పినా వద్దన్న మనిషి! ఆ శుక్రవారమే తీసుకెళ్ళాను. హాలునిండా జనం. మా వీధి చివరింటావిడ ఒకరు, గుంటూరు పెళ్ళిలో నా నడక గురించి వివరంగా అడిగి రాసుకున్న వదినగారొకరు. నేను ఒక మూల కుర్చీలో కూర్చుని పత్రిక తెరిచాను. అక్కడున్న అమ్మాయి కాగితం పట్టుకుని, మా అత్తగారికి చెవుడేమోనని గట్టిగా అడగడం మొదలుపెట్టింది. పేరు, వయస్సు, బి.పి., షుగరు.

"ఇంతకుముందు ఆపరేషన్లేమైనా జరిగాయా బామ్మగారూ?"

"నాకేం జరగలేదు తల్లీ. మా కోడలికే జరిగింది. లావు తగ్గడానికి కడుపు కోసి, ఇంతే ఉంచారు" అని బొటనవేలు మడిచి మరీ చూపించారు మా అత్తగారు. "అదిగో, ఆ మూల కూర్చుంది. అదికూడా రాసుకో. మీ డాక్టరుకు ఏదీ దాచకూడదుట."

హాల్లో తలకాయలన్నీ నావైపు తిరిగాయి. వదినగారు నోరు తెరుచుకుని చూస్తున్నారు. నేను పత్రిక మొహానికి అడ్డం పెట్టుకోబోయి, ఎందుకో మానేశాను. పక్కకుర్చీ ఖాళీగా ఉంటే, వదినగారు లేచి వచ్చి అందులో కూర్చున్నారు.

"ఎంతయిందమ్మా ఖర్చు?" అన్నారు మెల్లగా.